కార్తీకంలో ఇంక్స్ లేక్: ట్రెయిలర్‌తో మా వనభోజనం

మా అత్తయ్యకి రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. నడక బాగానే ఉంది, మెట్లు కూడా మెల్లగా ఎక్కుతారు. నేల మీద కూర్చుంటే మాత్రం ఇద్దరు పట్టుకుని లేపాలి. కిందటిసారి అమెరికా వచ్చినప్పుడు మేం టెంట్ వేసుకుని క్యాంపింగ్‌కి వెళ్తే ఆవిడ ఇంట్లోనే ఉండిపోయారు. మేం తిరిగొచ్చాక ఫొటోలన్నీ ఒకటికి రెండుసార్లు చూసి, "కార్తీకంలో మేమూ ఇలాగే తోటలోకి వనభోజనాలకి వెళ్లేవాళ్లం" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ మాట నన్ను వదల్లేదు. ఈసారి వాళ్లకి టికెట్లు తియ్యగానే నేను కార్తీకమాసం చివరి వారాంతానికి పార్కులో చోటు బుక్ చేశాను. టెంట్‌కి కాదు, బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లులాంటి ట్రెయిలర్‌కి. మంచం ఎత్తులో ఉంటుంది, రాత్రిపూట బాత్రూమ్‌కి చీకట్లో నడిచి వెళ్లక్కర్లేదు. ఆవిడ రావాలంటే అదొక్కటే దారి.

మేముండేది ఆస్టిన్‌కి ఉత్తరాన లియాండర్‌లో. అక్కణ్ణుంచి 29వ నంబరు హైవే మీద లిబర్టీ హిల్, బెర్ట్రమ్, బర్నెట్ దాటితే ఇంక్స్ లేక్ స్టేట్ పార్క్ వస్తుంది. మామూలు కారులో అయితే గంటలోపే. ఇక్కడి నది పేరు కొలరాడో. గ్రాండ్ క్యాన్యన్‌లో పారే కొలరాడో వేరు, ఇది టెక్సాస్‌లోనే పుట్టి టెక్సాస్ తీరంలోనే సముద్రంలో కలిసే నది. దాని మీద వరసగా కట్టిన ఆనకట్టల్లో ఇంక్స్ డ్యామ్ ఒకటి, 1938లో పూర్తయింది. ఎగువన బుకానన్ జలాశయం, దిగువన ఎల్బీజే. నీళ్లు నిలవచేసే పని పైనున్న బుకానన్‌ది కాబట్టి కరువొస్తే అది తగ్గిపోతుంది. ఇంక్స్‌లో మట్టం పెద్దగా మారదు. నేను ఈ పార్కునే ఎంచుకోవడానికి అదే కారణం. వానలు లేని ఏడాది కూడా నీళ్లు ఒడ్డుని తాకుతూ ఉంటాయి, అత్తయ్య బురదలో దిగక్కర్లేదు.

టెక్సాస్ స్టేట్ పార్కుల్లో సైట్లు, అంటే బస చేసే చోట్లు, అయిదు నెలల ముందునుంచీ బుక్ చేసుకోవచ్చు. నీటి అంచున ఉండే సైట్లు శుక్ర, శనివారాలకి ఊరికే అయిపోతాయి. నేను రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ రద్దయినవి ఏమైనా ఉన్నాయేమో చూసేదాన్ని. మూడో వారంలో ఒకటి దొరికింది. కరెంటు, నీళ్ల కొళాయి ఉన్నాయి, మురుగు కనెక్షన్ లేదు. ఆ చివరి విషయం మీద అప్పుడు దృష్టి పెట్టలేదు. ఆ సంగతి తరవాత చెబుతాను.

ట్రెయిలర్ అద్దెకి తీసుకున్నాం. 20 అడుగులది, ఇద్దరు పడుకునే మంచం, బల్లని దించితే ఇంకో మంచం, వెనక పిల్లల బంకులు, చిన్న వంటగది, బాత్రూమ్. లాగడానికి ఇంట్లో పికప్ ఉంది. ఇక్కడ నాకు తెలియనిది ఒకటి తెలిసింది. బండి ఇన్ని వేల పౌన్లు లాగుతుందని ప్రకటనల్లో చెప్పే అంకె ఒకటి, డ్రైవరు తలుపు లోపలి అంచున అంటించి ఉండే పసుపు-తెలుపు స్టిక్కరు మీది అంకె ఇంకొకటి. ముందు మనల్ని ఆపేది రెండోదే. మా బండికి అది 1,600 పౌన్ల చిల్లర. మనుషులూ సామానూ కలిపి బండి మొయ్యగలిగేది అంతే. సామాన్లతో కలిపి 4,400 పౌన్లు తూగే ట్రెయిలర్ తన బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు హిచ్ మీద, అంటే బండి వెనక దాన్ని తగిలించేచోట, మోపుతుంది, అంటే దాదాపు 500 పౌన్లు. మేం అయిదుగురం 700. మిగిలేది 400. సైకిళ్లు తేవాలని మా చిన్నోడు పట్టుబట్టాడు గానీ ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే వాడే ఒప్పుకున్నాడు. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి. ట్రెయిలర్ తేలికదే కదా అని వెనక సీట్లో నలుగురిని కూర్చోబెడితే బండి వెనక్కి కుంగి, ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది.

శుక్రవారం సెలవు పెట్టి మా ఆయనా, నేనూ, మామయ్యగారూ ట్రెయిలర్ యజమాని ఇంటికి వెళ్లాం. నడిపేది నేనే అని ముందే అనుకున్నాం. మా ఆయనకి రాత్రంతా ఆఫీసు కాల్స్, నిద్ర లేదు. టెక్సాస్‌లో ఇంత ట్రెయిలర్‌కి మామూలు కారు లైసెన్సే సరిపోతుంది. ప్రత్యేకంగా పరీక్ష లేదు కాబట్టి నేర్చుకోవలసిన బాధ్యత మనదే. అందుకని గంటన్నరసేపు ట్రెయిలర్ యజమాని చెప్పినదంతా ఫోన్లో వీడియో తీసుకుంటూ విన్నాను.

తగిలించడం ఇలా. బండి వెనక ఉన్న ఉక్కు గుండు మీదకి ట్రెయిలర్ మూతి సరిగ్గా వచ్చేలా బండిని వెనక్కి తెచ్చి, జాక్ తిప్పి మూతిని గుండు మీదకి దించాలి. గొళ్లెం వేసి దానికి పిన్ను పెట్టాలి. అయిపోయిందనుకుంటాం, కాలేదు. ఇప్పుడు జాక్‌ని మళ్లీ పైకి తిప్పాలి. బండి వెనక భాగం ట్రెయిలర్‌తోపాటు లేస్తే గుండు గట్టిగా పట్టినట్టు. మూతి ఒక్కటే లేచిందంటే గొళ్లెం గాల్లో పడింది, రోడ్డు మీద మొదటి గుంతకే ఊడొస్తుంది. తరవాత రెండు గొలుసులు, ఒకదాని మీదుగా ఇంకోటి అడ్డంగా వేసి తగిలించాలి. పొరపాటున మూతి ఊడితే నేలని తాకకుండా ఆ గొలుసుల ఉయ్యాల దాన్ని పట్టుకుంటుంది. ఆపైన సన్నటి తీగ ఒకటి ఉంటుంది, ట్రెయిలర్ విడిపోతే ఆ తీగ లాగబడి దాని బ్రేకులు వాటంతటవే పడతాయి. దాన్ని గొలుసుకి కాకుండా బండికే కట్టాలని ఆయన రెండుసార్లు చెప్పారు. చివరగా లైట్ల ప్లగ్గు.

మామయ్యగారు చేతులు వెనక్కి కట్టుకుని ఇదంతా చూస్తూ నిలబడ్డారు. తణుకు దగ్గర పల్లెలో ముప్ఫయ్యేళ్లు ట్రాక్టరు నడిపిన మనిషి. ధాన్యం బస్తాల లోడుతో కాలవగట్ల మీద ట్రక్కుని వెనక్కి నడిపేవారట. ఆయన ట్రెయిలర్ చక్రాల దగ్గర వంగి చూసి, "రెండు జతలూ దగ్గర దగ్గరగా ఉన్నాయమ్మా. ఇది రెండు చక్రాల ట్రక్కులాంటిదే. నాలుగు చక్రాలదాని కంటే నయం, వెనక్కి పోవడంలో చెప్పిన మాట వింటుంది" అన్నారు. ఊళ్లో నాలుగు చక్రాల ట్రక్కుకి ముందు ఇరుసు కూడా తిరుగుతుంది. వెనక్కి తోసేటప్పుడు రెండుచోట్ల మడతపడుతుంది. ఆ తేడా అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి అత్తయ్యనీ చిన్నోణ్నీ ఎక్కించుకుని బయల్దేరాం. గంటకి 60 మైళ్లు దాటకూడదని గట్టిగా అనుకున్నాను. ట్రెయిలర్ టైర్లు చాలావాటికి 65 మైళ్లే పరిమితి, మన కారు టైర్లలా కాదు. పద్దెనిమిది చక్రాల లారీ పక్కనుంచి దాటినప్పుడు మొదట ట్రెయిలర్ ఇటు నెట్టబడుతుంది, తరవాత అటు లాగబడుతుంది. అప్పుడు స్టీరింగ్‌తో సరిదిద్దబోతే ఊపు పెరుగుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, డ్యాష్‌బోర్డు దగ్గర ఉన్న ట్రెయిలర్ బ్రేకు మీటని కొంచెం నొక్కితే దారిలోకి వస్తుంది. బెర్ట్రమ్ దాటాక ఒకసారి ఆ పని చెయ్యాల్సొచ్చింది. ఒళ్లంతా బిగుసుకుపోయింది. అత్తయ్య వెనక సీట్లోంచి "ఏం పర్లేదమ్మా, నిదానంగా వెళ్దాం" అని నా భుజం మీద చెయ్యి వేశారు. బర్నెట్ దాటాక పార్క్ రోడ్ 4లోకి తిరిగితే ఎత్తుపల్లాలు, మలుపులు. ఒక మిట్ట ఎక్కగానే కింద చెరువు మొత్తం ఒక్కసారి కనిపించింది.

మూడు గంటలకి సైటు ముందు ఉన్నాం. వెనక్కి దూర్చాలి. ఎడమ పక్క కరెంటు స్తంభం, కుడి పక్క సిమెంటు బల్ల, పైన లైవ్ ఓక్ చెట్టు కొమ్మ. మామయ్యగారు దిగి, నేను అద్దంలో ఆయన్ని చూడగలిగేచోట నిలబడ్డారు. "నేను కనపడకపోతే ఆపేయ్. ఇంకేం ఆలోచించకు" అన్నారు. ఆయన చెప్పిన రెండో మాట ఇంకా ఉపయోగపడింది: "స్టీరింగ్ కింద భాగం పట్టుకో. చెయ్యి ఎటు జరిపితే ట్రక్కు అటు వెళ్తుంది." పైన పట్టుకుంటే అంతా తిరగేసి ఆలోచించాలి, కింద పట్టుకుంటే చెయ్యీ ట్రెయిలరూ ఒకే వైపు. మొదటిసారి మడతపడింది. ముందుకి లాగి తిన్నగా చేసి మళ్లీ. రెండోసారి స్తంభానికి జానెడు దూరం. మళ్లీ ముందుకి. పక్క సైటు పెద్దాయన కుర్చీలోంచి లేచి సాయం కావాలా అని అడిగారు. మా మామయ్యగారు చిరునవ్వుతో చెయ్యి అడ్డంగా ఊపి, నా వైపు తిరిగి "ఇంచి తిప్పితే చాలు, ఇంచే" అన్నారు. అయిదోసారికి పడింది. ఆ అయిదుసార్లలోనూ ఆయన గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు.

నిలిపాక వెంటనే విప్పకూడదు, ఇక్కడ వరస ముఖ్యం. ముందు పక్కల మట్టం చూసుకోవాలి. పల్లంగా ఉన్న వైపు ట్రెయిలర్ చక్రాల దగ్గర ప్లాస్టిక్ పలకలు పేర్చి ట్రెయిలర్‌ని వాటిమీదకి ఎక్కించాలి. ఆ తరవాత చక్రాలకి ముందూ వెనకా అడ్డుచెక్కలు. అవి పెట్టాకే గొలుసులు తియ్యాలి, గొళ్లెం విప్పాలి. అప్పుడు జాక్‌తో ముందు-వెనకల మట్టం. రసమట్టం ట్రెయిలర్ గోడకే అంటించి ఉంది గానీ మామయ్యగారు స్టీలు గ్లాసులో నీళ్లు పోసి వంటగట్టు మీద పెట్టి అంచులు చూశారు. రెండూ ఒకే మాట చెప్పాయి. మట్టం పడుకోవడానికి మాత్రమే కాదు, గ్యాస్ మీద కూడా నడిచే ఆ పాతరకం ఫ్రిజ్ వాలుగా ఉంటే పాడవుతుంది.

కరెంటు విషయంలో మేం గంటలోనే పాఠం నేర్చుకున్నాం. మా ట్రెయిలర్ 30 ఆంపియర్లది. 120 వోల్టులతో గుణిస్తే 3,600 వాట్లు, అంతే. లోపల చలిగా ఉందని చిన్న హీటరు పెట్టాం, నీళ్ల హీటరు కరెంటు మీదే ఉంది, నేను రైస్ కుక్కర్ పెట్టి మైక్రోవేవ్ నొక్కాను. అంతా ఆరిపోయింది. ఏవి ఎన్ని వాట్లో కూడి చూస్తే నాలుగు వేలు దాటింది. నీళ్ల హీటరునీ, గది వెచ్చదనాన్నీ గ్యాస్ మీదకి మార్చాక మళ్లీ పోలేదు.

అత్తయ్య లోపలికి వచ్చి చూసి, పొయ్యికీ బాత్రూమ్ తలుపుకీ మధ్య మూడడుగులే ఉన్నాయని గమనించారు. ఆవిడకి అది నచ్చలేదు, ముఖ్యంగా కార్తీకంలో. నాకూ ఆవిడ బాధ న్యాయంగానే అనిపించింది. రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యిని బయట సిమెంటు బల్ల మీద పెట్టాం. మంచి ఎత్తు, నిలబడి వండుకోవచ్చు, వంగక్కర్లేదు. గాలికి మంట ఆరకుండా చిన్నోడు అట్టపెట్టె విప్పి చుట్టూ పట్టుకున్నాడు. రెండు రోజుల వంటంతా అక్కడే జరిగింది.

సాయంత్రం అయిదున్నరకే పొద్దుపోయింది. పార్కు దుకాణంలో కొన్న కట్టెలతో ఇనుప చట్రంలో నిప్పు వేశాం. బయటినుంచి కట్టెలు తేకపోవడమే మంచిది, వాటితోపాటు చెట్లకి పట్టే పురుగు వస్తుంది. కట్టెలు కాలి నిప్పు కణికలయ్యాక అత్తయ్య వంకాయలకి నూనె రాసి వాటిమీద పెట్టించారు. ఇక్కడి వంకాయలు కొబ్బరికాయంత లావు. తోలు నల్లగా పగిలి, లోపలి రసం బుసబుసమని నిప్పులో పడుతుంటే ఆ వాసన చెరువు గట్టంతా అలుముకుంది. ఆవిడ పటకారుతో వాటిని తిప్పుతూ కుర్చీలో కూర్చున్నారు. తోలు వలిచి, చింతపండు, పచ్చిమిర్చి, ఉప్పు వేసి చేత్తోనే మెదిపారు. ఉల్లి, వెల్లుల్లి లేవు. వేడన్నం, పప్పు, ఆ పచ్చడి, పొద్దున ఇంటి దగ్గర కలిపి తెచ్చిన పులిహోర. మా ఆయన మూడుసార్లు వడ్డించుకున్నారు.

తినకముందు దీపం. ఇండియన్ స్టోర్లో దొరికిన గడ్డకట్టించిన ఉసిరికాయలు ఆవిడ పొట్లం కట్టి తెచ్చారు. కరిగాక మెత్తబడతాయని నాకు భయం వేసింది, కానీ నిలబడ్డాయి. పైన కొంచెం చెక్కి గుంట చేసి, నేతిలో నానిన వత్తి పెట్టి, స్టీలు పళ్లెంలో రెండు ఉసిరి దీపాలు వెలిగించారు. ఊళ్లో అయితే అరటిదొప్పలో కాలవలో వదిలేవారు. ఇక్కడ నీళ్లలో ఏమీ వదలకూడదని నేను చెప్పకముందే ఆవిడే అన్నారు, "ఎవరి చెరువో, మనం పాడుచేయకూడదు." పళ్లాన్ని నీటి అంచున ఉన్న బండ మీద పెట్టించి, చిన్నోణ్ని గాలి వైపు కూర్చోబెట్టారు. ఆ గులాబిరంగు బండని నైస్ అంటారు, వయసు వంద కోట్ల ఏళ్లకి పైమాటే. దాని మీద వెలుగు ఎర్రగా పాకింది. వత్తి ఆరేదాకా ఎవరం లేవలేదు.

బహుళపక్షం చివర కాబట్టి చంద్రుడు లేడు. మామయ్యగారు తూర్పున చుక్కల గుంపు చూపించి "పిల్లలకోడి" అని మనవడికి చెప్పారు. కృత్తికలు అవే, ఈ నెలకి ఆ పేరు వాటివల్లే వచ్చిందని నేను చెప్పాను. రాత్రి పదినుంచి పార్కులో నిశ్శబ్దం పాటించాలి. ఆ వేళకి అందరూ మంచాలెక్కారు. అర్ధరాత్రి అత్తయ్య లేచి లైటు వేసుకుని బాత్రూమ్‌కి వెళ్లి వచ్చి మళ్లీ పడుకున్న చప్పుడు విన్నాను. నాకు ఆ చప్పుడు ఎంత నిశ్చింతనిచ్చిందో చెప్పలేను.

శనివారం గురించి ఎక్కువ చెప్పను. చిన్నోడు గట్టునుంచి గాలం వేశాడు. స్టేట్ పార్కు లోపల గట్టుమీంచి చేపలు పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. ఏమీ పడలేదు. మధ్యాహ్నం డెవిల్స్ వాటర్‌హోల్ దాకా వెళ్లాం, బండల మధ్య నీళ్లు నల్లగా లోతుగా ఉంటాయి. అత్తయ్య బల్ల ఉన్నచోటిదాకా వచ్చి కూర్చున్నారు. దారిలో నాగజెముడు పొదలు చూసి మామయ్యగారు మా ఊరి గట్లమీదివే అన్నారు. అత్తయ్య తులసికోట దగ్గర పెట్టుకోవాలని ఒక గులాబి రాయి ఏరుకున్నారు. పార్కులోంచి రాళ్లు తీసుకెళ్లకూడదని మనవడు చెబితే, ఒకసారి అరచేతిలో తిప్పి చూసుకుని తీసినచోటే పెట్టేశారు.

ఇక మురుగు సంగతి. శనివారం సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే స్నానాల గదిలో కింద నీళ్లు పైకి రావడం మొదలైంది. పైన సబ్బు నురగ, మెతుకులు. ట్రెయిలర్ కింద రెండు ట్యాంకులుంటాయి, ఒకటి మరుగుదొడ్డిది, ఇంకొకటి సింకు, స్నానం నీళ్లది. ఆ రెండోది 30 గ్యాలన్లు, అంటే దాదాపు 114 లీటర్లే. మూడు రోజులకి సరిపోతుందని యజమాని అన్నారు గానీ అయిదుగురు స్నానాలు చేసి, పప్పు గిన్నెలూ కుక్కరూ తోమితే ఒకటిన్నర రోజుకే నిండింది. కొళాయికి పైపు తగిలించి ఉంది కాబట్టి వచ్చే నీళ్లకి అంతులేదు. పోయే నీళ్లకే హద్దు. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను ఒక్క మాటే చెప్పాల్సొస్తే ఇదే చెబుతాను. ఆ నీళ్లని నేలమీద వదలడం నిషేధం, వదలకూడదు కూడా, పదడుగుల్లో చెరువు ఉంది. వెంటనే కొళాయి కట్టేసి, స్నానాల గది శుభ్రమయ్యేదాకా తుడుచుకున్నాం. ఆ రాత్రినుంచి స్నానాలు పార్కు స్నానాల గదుల్లో. పళ్లేలు కాగితంతో తుడిచి సంచిలో వేశాం. అత్తయ్య "ముందే చెబితే విస్తళ్లు తెచ్చుకునేవాళ్లం కదే" అన్నారు. మోదుగాకు విస్తళ్లు ఇక్కడ ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. నిజంగానే అది సరైన మాట.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండులోపు ఖాళీ చెయ్యాలి. బయటికి వచ్చే దారిలో మురుగు వదిలే చోటు ఉంది, మా ముందు నాలుగు బండ్లు. చేతికి తొడుగులు వేసుకుని, లావుపాటి గొట్టాన్ని ట్రెయిలర్‌కి తిప్పి బిగించి, రెండో కొసని నేలలోని కంతలో పెట్టి పైన బరువు ఉంచాలి. రెండు మీటలూ మూసి ఉన్నాయని చూసుకున్నాకే మూత తియ్యాలి. మొదట మరుగుదొడ్డి ట్యాంకు. పూర్తిగా ఖాళీ అయ్యాక దాని మీట మూసి, అప్పుడు సబ్బునీళ్ల ట్యాంకు. ఆ నీళ్లే గొట్టాన్ని కడుగుతూ పోతాయి. తారుమారైతే గొట్టం మురికిగానే మిగులుతుంది. మా ఆయన ఆ పని తనదని ముందే తీసుకున్నారు, పన్నెండు నిమిషాల్లో ముగించారు. వెనక నిలబడ్డ ఆవిడ వేడినీళ్లు, సబ్బు ఉన్న సీసా ఇచ్చి చేతులు కడుక్కోమంది.

యజమాని ఇంటికి నాలుగింటికి చేరాం. ఆయన దొడ్డిలో షెడ్డు కింద వెనక్కి పెట్టాలి, రెండు పక్కలా గోడలు. అత్తయ్య బండి దిగలేదు. మామయ్యగారు దిగి అద్దంలో కనిపించేచోట నిలబడ్డారు. చెయ్యి స్టీరింగ్ కింద పెట్టుకున్నాను. రెండుసార్లకి పడింది. అడ్డుచెక్కలు పెట్టారా అని అద్దం దించి అడిగాను. "పెట్టా, దిగు" అన్నారు. అప్పుడు దిగి గొలుసులు విప్పాను.